బాగుంది అనకూడని గది

మా సాహితీ సమితి దశాబ్ది సంచికలో మా మేనత్త గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది: "తొలినాళ్లలో సభ్యులకు టీ అందించిన సహృదయురాలు." ఆ సమితి పుట్టిందే ఆమె కుట్టు దుకాణంలో. తొలి సభ్యులు కూర్చున్నది ఆమె బట్టల మూటల మీద.

సాయంత్రం అత్త మిషన్ ఆపేసరికి ప్రెస్సు కంపోజిటరు, మందుల షాపు గుమాస్తా, ఇద్దరు నర్సులు చేరేవారు. ఒకరు చదవాలి, మిగతావాళ్లు వినాలి. విన్నాక ఎవరూ "బాగుంది" అనకూడదు. ఎక్కడ మనసు పక్కకి పోయిందో చెప్పాలి. ఆ నియమం అత్తదే.

"బాగుందనడానికి వినక్కర్లేదు. మధ్యలో నిద్రపోయి లేచి కూడా అనొచ్చు," అనేది.

సమితి పేరు నలుగురికీ తెలిశాక, రిటైరైన ఇంజనీరు ఒకాయన వచ్చి తన కావ్యం చదివాడు. అందరూ నేలచూపులు చూస్తుంటే అత్త నోరు విప్పింది.

"నదిని వర్ణించారు చూడండి, అక్కడ నాకు ఒక జాకెట్టుకి హుక్కులు కుట్టలేదని గుర్తొచ్చిందండీ. తేరుకునేసరికి మీరు సముద్రంలో ఉన్నారు."

కంపోజిటరు పగలబడి నవ్వాడు. "నేను నదిలోనే మునిగిపోయానక్కా!"

ఇంజనీరు కూడా నవ్వాడు. పళ్లు మాత్రమే నవ్వాయి.

నెల తిరక్కుండా సమితికి ఆయన మేడమీద హాలు దొరికింది. ఫ్యాన్లు, మైకు, కుర్చీలు దొరికాయి. అధ్యక్షుడూ దొరికాడు. దుకాణంలో పోగైన పుస్తకాలన్నీ మేడెక్కాయి. "సమితి ఆస్తి కదమ్మా," అన్నారు. అద్దాల బీరువా తాళంచెవి ఆయన జేబులోకి పోయింది. మైకు వచ్చింది, నియమం పోయింది. ఇక చదవడం, చప్పట్లు, ఫొటో. నదిలో మునిగిన కంపోజిటరు కార్యదర్శిగా తేలాడు. సంచికలో టీ వాక్యం రాసింది అతనే.

అత్త మాత్రం వెళ్లడం మానలేదు. చదువుకోవడానికి ఆమెకి ఆ బీరువా తప్ప దిక్కు లేదు. వెనక వరసలో కూర్చునేది, చప్పట్లు కొట్టేది కాదు. పుస్తకం అడిగితే అధ్యక్షుడు "వచ్చేవారం చూద్దామమ్మా" అనేవాడు. ఆ వచ్చేవారం ఏళ్లు గడిచినా రాలేదు.

దశాబ్ది ఉత్సవం రోజు ఆయన కొత్త కావ్యం చదివి, మైకులోనే అడిగాడు: "ఏమ్మా, ఈసారీ హుక్కులు గుర్తొచ్చాయా?"

హాలంతా నవ్వింది. అత్త సంచిక మడిచి చంకలో పెట్టుకుని లేచింది. ఇవాళ ఏకిపారేస్తుందనుకున్నాను.

"బాగుందండీ," అంది.

ఆ సాయంత్రమే ఆమె చేతికి రెండు పుస్తకాలొచ్చాయి. బీరువా అధ్యక్షుడే స్వయంగా తెరిచాడు.

కిందటి నెల నేను రాసిన కథ పట్టుకుని దుకాణానికి వెళ్లాను. నడుమ ఒక పేజీ ఊకదంపుడని నాకే తెలుసు. అక్కడ అత్త నన్ను పట్టుకుని చీవాట్లు పెట్టాలని నా ఆశ. చదవడం అయింది. ఆమె సూదిలో దారం ఎక్కిస్తోంది.

"ఎక్కడ పోయిందత్తా మనసు?"

దారం కొన తడిపి, తల ఎత్తకుండానే అంది:

"ఎక్కడికీ పోలేదు అల్లుడూ. బాగుంది."