ఎండ రాని ఆఫీసు

ఆ ఆఫీసు మెట్లు ఎక్కడమంటేనే శారదకు గిట్టేది కాదు. ఖమ్మం నడిబొడ్డున అద్దాల గది, ముక్కు పగిలే రంగు వాసన, గోడ నిండా అంటించిన అడవి బొమ్మ. అసలు అడవి ఇక్కడికి రెండు గంటల బస్సు ప్రయాణం. గోడ మీది అడవిలో మాత్రం ఒక్క ఆకూ రాలదు.

శారద ముదిగొండ మనిషి. పెళ్లయ్యాక చండ్రుగొండలో కాపురం. అక్కడే అనిల్‌కుమార్ అడవి మామిడి ఒరుగుల కంపెనీ మొదలుపెడితే మొదటి ఉద్యోగిగా చేరింది. సత్తుపల్లి రైతు కుటుంబం వాడు, మొదట్లో మంచివాడే. ఒక రేకుల షెడ్డు, దాని ముందు సిమెంటు కళ్లం, నాలుగు కత్తిపీటలు. అంతే కంపెనీ. దగ్గరి అడవి గూడెం నుంచి నాగక్కా, ఆమెతోటి ఆడవాళ్లూ కాయ తెచ్చి, అక్కడే ముక్కలు కోసి కళ్లంలో ఎండబెట్టేవారు. సొనకు చేతులు పొక్కేదాకా అనిల్‌కుమారూ వాళ్లతో కూర్చుని కోసేవాడు.

రెండు సీజన్లు బాగా నడిచాయి. హైదరాబాదులోని ఒక పెద్ద దుకాణం ఆర్డరు ఇచ్చింది. అంతే, ఆయన కళ్లు నెత్తికెక్కాయి. ఖమ్మంలో ఆఫీసు మాట్లాడుకుని, మూడేళ్లదాకా ఖాళీ చేయనని సంతకం పెట్టి వచ్చాడు.

"ఒక్క దుకాణాన్ని నమ్ముకొని మూడేండ్లకు కట్టువడితే ఎట్ల సార్? ఒక్క ఏడు కాయ కాయకపోతే ఏంది మన గతి?" అంది శారద.

"రిస్కు తీసుకోకపోతే ఎదగలేమండీ శారదగారూ. పెద్దవాళ్లొస్తే రేకుల షెడ్డులో కూర్చోబెడతామా?"

రిస్కట! ఆఫీసు కిరాయి బరువు తగ్గించుకోవడానికి ఆయన వదులుకున్నది ఏమిటనుకున్నారు? ఆ షెడ్డునే. ఏడాదిలో ముప్పాతిక భాగం ఖాళీగా పడి ఉండేదానికి డబ్బు దండగ అన్నాడు. సీజన్ ముందు ఇంకోటి చూసుకుందామన్నాడు. పొయ్యి అమ్మేసి డైనింగ్ టేబుల్ కొన్నట్టు అనిపించింది శారదకు. విన్నవాళ్లు నవ్వుతారు గానీ ఆమెకు నవ్వు రాలేదు, రోత పుట్టింది.

ఎండాకాలం రాగానే ఆయన దుకాణం వాళ్లకు సరుకు పంపే తారీఖు చెప్పేశాడు. గూడేన్ని అడిగింది లేదు. కొత్త కాయ దేవతకు పెట్టి కొత్తల పండుగ చేసుకునేదాకా ఆ గూడెంలో ఎవరూ మామిడికాయ తెంపరు. ఈసారి పూజారి ఇంట్లో చావు జరిగి పండుగ వెనక్కి పోయింది.

"పండుగకు బలిచ్చే మేకను మనం కొనిద్దాం. మన పేరుతో ఓ బ్యానరు కట్టిద్దాం. కాస్త ముందే కానిచ్చేయమనండి," అన్నాడు అనిల్‌కుమార్.

శారదకు ఒళ్లు మండిపోయింది. చావింటి ముందు కంపెనీ బ్యానరా! ఆ మాట గూడెం దాకా మోయలేదు. దుకాణం వాళ్లనే కాళ్లావేళ్లా పడి గడువు పెంచుకుంది. తర్వాత నాగక్క దగ్గరికి వెళ్లింది.

"మీ పండుగ అయినంకనే తెంపున్రి అక్కా. కాయంత మేమే తీస్కుంటం. సంతల ఎవ్వరికీ మాటియ్యకున్రి."

"నువ్వు చెప్తున్నవ్ గద బిడ్డా. గట్లనే కానీ," అంది నాగక్క.

ఇక ఆ మాట నిలబెట్టుకోవడానికి శారద షెడ్డు కోసం తిరగని ఊరు లేదు. తల్లాడ దాకా పోయి వచ్చింది. ఎక్కడ చూసినా మిర్చి బస్తాలే. ధర లేక రైతులు అమ్మకుండా దాచుకున్నారు. తమ పాత షెడ్డులోనూ మిర్చే. అనిల్‌కుమార్‌కు చెబితే, కొత్త కుర్చీలకు రంగు ఎంచుకుంటూ, "మన బిల్డింగుకు డాబా ఉంది కదండీ, అక్కడే ఆరబోద్దాం. రప్పించండి," అన్నాడు. ఎన్నాళ్లకో ఆయన నోట పనికొచ్చే మాట వచ్చిందని శారద సంతోషపడింది. పండుగ అవగానే కాయ ఖమ్మం తెమ్మని కబురు పెట్టింది.

రెండు ట్రాలీ ఆటోల నిండా కాయ వచ్చింది, వెంట నాగక్కా, గూడెం ఆడవాళ్లూ. బిల్డింగు ఓనరు మెట్లకు అడ్డంగా నిలబడ్డాడు.

"డాబా మీకియ్యలే. కాయితంల రాసే ఉన్నది, సదువుకోలేదా?"

అనిల్‌కుమార్ చదువుకోలేదు. పోనీ, ఆ మాట ఒప్పుకుని ఆడవాళ్ల ముందు నిలబడ్డాడా? అదీ లేదు. అద్దాల గదిలోకి పోయి తలుపు వేసుకుని, మోగని ఫోను చెవికి ఆనించుకున్నాడు. ఛీ, వీడి కంపెనీ అనా నేను నలుగురికీ గొప్పగా చెప్పుకున్నది, అనుకుంది శారద.

నాగక్క పైకి వచ్చి గది నాలుగు మూలలూ చూసింది. పరదాలు చూసింది, ఏసీ చూసింది.

"గింత పెద్ద ఆఫీసు వెట్టిన్రు. ఎండ ఏడికెళ్లి వస్తది బిడ్డా?"

శారద జరిగిందంతా దాచకుండా చెప్పింది. నాగక్క అరవలేదు. కిందికి దిగి ఆటోలు తిప్పమంది. ఎండలో ఇరుకున కుక్కి తెచ్చిన కాయ అప్పటికే ఉడుకుతున్న వాసన వేస్తోంది. ఇంటికి చేరాక వాకిళ్లలో ఎంత పరిచినా సగం కుళ్లుతుందని అక్కడున్న అందరికీ తెలుసు.

ఆటో కదలబోతుండగా నాగక్క వెనక్కి తిరిగింది.

"మల్లచ్చే ఏడు మాటియ్యనీకి నువ్వే వస్తవా, ఇంకెవర్నన్న తోలుతరా?"

ఎగతాళి కాదు, కోపం కాదు. నిజంగానే అడిగింది.