మూసీ వాసన వచ్చేదాకా

పట్నం ఎక్కడ మొదలవుతుందో మా అమ్మకు ముక్కుతో తెలుసు. పొద్దున్నే చామంతి గంపతో ఇబ్రహీంపట్నంలో బస్సెక్కి, కూర్చున్న వెంటనే నిద్రపోయేది. చాదర్‌ఘాట్ వంతెన మీద మూసీ వాసన కొట్టగానే లేచేది. గంపలోంచి గుప్పెడు పూలు తీసి కిటికీలోంచి నదిలోకి వేసేది. ఆ తర్వాత కోఠిలో దిగేది. కండక్టర్లు మారారు, బస్సుల రంగులు మారాయి, అమ్మను లేపాల్సిన పని మాత్రం ఎవరికీ పడలేదు.

"గంత కంపుల పూలెందుకే అమ్మా?" అని చిన్నప్పుడు అడిగాను.

"ఆ నీళ్లు లేకుంటే పట్నమే లేకపోవు. పట్నం లేకుంటే మన పూలెవలు కొందురు?" అంది.

అమ్మ లెక్కలో మూసీ వాసన వచ్చేదాకా అంతా మన ఊరి కిందే. నేను ఆమె ఒళ్లో కూర్చుని పోయిన రోజుల్లో అది దాదాపు నిజం. దారిలో మన్నెగూడలో ఎక్కేవాళ్లు ఒకరిద్దరు ఉంటే గొప్ప. కిటికీలోంచి జొన్న చేలు కనిపించేవి. ఇప్పుడు అక్కడ ప్లాట్ల బోర్డులు తప్ప ఇంకేమీ కంటికి ఆనవు. నేను ఆదిభట్లలో ఒక ఆఫీసులో పనిచేస్తాను. రోజూ కంపెనీ బస్సులో కూర్చుని ట్రాఫిక్‌ను తిట్టుకుంటాను, ఆ ట్రాఫిక్‌లో నా బస్సూ ఉందని మరిచిపోయి.

పోయిన వానాకాలం ఒకరోజు ఎవరిదో ఫోన్ నుంచి అమ్మ మాట్లాడింది. "సాగర్ రింగు రోడ్డు కాడ ఉన్న బిడ్డా. కోఠి అనుకొని దిగిన."

రోడ్డు పని జరుగుతుంటే బస్సును కోఠికి చాలా ముందే ఒక మురికి నాలా పక్క నుంచి మళ్లించారట. నేను పోయేసరికి ఒక దుకాణం మెట్టు మీద గంప పెట్టుకుని కూర్చుంది. పూలు వాడిపోయాయి. ఆమె ముఖంలో భయం లేదు, కోపం ఉంది.

"పూలు గూడ ఏసిన," అంది.

"ఏడ?"

"గా నాలల."

నాకు నవ్వాగలేదు. అమ్మ గంప ఎత్తుకుని, నా కోసం చూడకుండా ముందుకు నడిచింది.

ఇంట్లో మా అన్న తీర్పు చెప్పేశాడు. "ఇగ బంద్ అమ్మా. నీ ముక్కు పనిచేస్తలేదు. యాడనన్న తప్పిపోతే ఎవలు దేవులాడాలె? పూలు నేను ఆటోల పంపిస్త."

కోఠిలో పూలు కట్టే ఆడవాళ్లతో నాలుగు ముచ్చట్లు పెట్టకపోతే అమ్మకు అన్నం సయించదు. ఆ సంగతి అన్నకూ తెలుసు.

"నా ముక్కు మంచిగనే ఉన్నది. వాసనే ముంగటికొచ్చింది," అంది అమ్మ.

నేను ఆమె వైపే మాట్లాడాను కానీ లోపల అన్న చెప్పిందే నిజమనిపించింది. మర్నాటి నుంచి పూలు ఆటోలో పోయాయి. అమ్మ మా చామంతి చేను గట్టున మంచం వేసుకుని, ఎవరు పలకరించినా ఊ అని ఊరుకునేది. నాకు ఆమెను చూస్తే దిగులేసేది.

మా చేను పక్కన కొత్తగా ఇళ్లు లేచాయి. వాటి మురికి నీటి పైపును తెచ్చి మా గట్టు అవతల వదిలేశారు. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను గంపలో పూలు నింపుతున్నాను, అమ్మ పక్కనే మంచం మీద కునుకు తీస్తోంది. గాలి మళ్లింది. అమ్మ లేచి కూర్చుంది. కళ్లు తెరవలేదు. గంపలో చెయ్యి పెట్టి, గుప్పెడు చామంతులు తీసి గట్టు మీదికి విసిరింది.

"కోఠొచ్చిందా బిడ్డా?"

అప్పుడు నాకూ ఆ వాసన తగిలింది. అదే వాసన.

అమ్మ కళ్లు తెరిచింది. చేను చూసింది, మంచం చూసింది, నన్ను చూసింది. మళ్లీ ఒకసారి గాలి పీల్చింది. మోటారు దగ్గరున్న అన్నను కేకేసింది.

"ఏమిరా, నా ముక్కు పనిచేస్తలేదంటివి? ఇటొచ్చి సూడు."

అన్న వచ్చి నిలబడ్డాడు. గట్టు అవతలికి చూసి తల దించుకున్నాడు. "రేపటి సంది నువ్వే పో అమ్మా," అన్నాడు.

అమ్మ గెలిచింది. నాకు సంతోషంగానూ ఉంది, ఏడుపూ వచ్చింది. ముఖం కనపడకుండా వంగి గట్టు మీద పడ్డ పూలు ఏరబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు బిడ్డా. నదికిచ్చినయి మల్ల తీసుకోవద్దు."