మా నాయన పదవీ విరమణ

"పదవీ విరమణ" అన్న మాట ఎక్కడ వినబడినా నాకు చెవులు మూసుకోవాలనిపిస్తుంది. సన్మానసభల్లో, పేపర్లలో వచ్చే శుభాకాంక్షల్లో ఆ మాట ఎంత మర్యాదగా కూర్చుని ఉంటుందో నాకూ తెలుసు. ఉండనివ్వండి, ఎవరు వద్దన్నారు? దాన్ని తెచ్చి మా నాయన పక్కన పెట్టినవాళ్లను తలుచుకుంటే మాత్రం ఈరోజుకీ ఒళ్లు మండుతుంది.

నేను తిరుపతిలో ఒక ఆఫీసులో పనిచేస్తాను. ఫోనులో ప్రశ్న అడిగితే జవాబు చెప్పే ఏఐలు వచ్చాయి కదా, అలాంటి ఒకదాని తెలుగు సరిగ్గా ఉందో లేదో చూడడం నా పని. సరిగ్గా ఉండదు. ఉండదని చెప్పడం నా ఉద్యోగం, "తర్వాత చూద్దాం మేడమ్" అనడం మా మేనేజరు ఉద్యోగం. ఇద్దరికీ జీతాలు వస్తున్నాయి, ఎవరికీ ఏ బాధా లేదు.

అప్పట్లో మా ఆఫీసుకు మోటారు పందేల పని వచ్చింది. కార్ల పందేలు, మోటారు సైకిళ్ల పందేలు, వాటి పాత ఫలితాలన్నీ ఎవరో మహానుభావులు ఓపిగ్గా ఒకచోట పోగేసి పెట్టారు. ఎవరు గెలిచారు, ఎవరు ఎన్నో స్థానంలో వచ్చారు, ఎవరి బండి ఏ చుట్టులో ఆగిపోయింది, అన్నీ ఉన్నాయి. మా ఏఐని ఆ రికార్డులకు కలపాలి. అంతకుముందు పందేల గురించి అడిగితే అది నోటికొచ్చినట్టు వాగేది. ఓడినవాణ్ని గెలిపించేది, చచ్చిపోయినవాణ్ని మరుసటి ఏడాది మళ్లీ బండెక్కించేది. ఇప్పుడు అసలు రికార్డును చూసి చెబుతుంది కాబట్టి తప్పు చెప్పడం అనేదే ఉండదని మా మేనేజరు మీటింగులో చేతులు ఊపుతూ చెప్పాడు. ప్రచారంలో కూడా అదే మాట వేశారు.

ఆ రికార్డును అది తెలుగులో ఎలా చెప్పిందో వినాలి మీరు! పందెం మొదలయ్యేటప్పుడు అందరికంటే ముందు నిలబడే చోటును పోల్ పొజిషన్ అంటారు. దాన్ని "స్తంభ స్థానం" అంది. చక్రాలు మార్చుకోవడానికి కారు పక్కకు, పిట్ అనే చోటికి, వచ్చి ఆగితే "గుంటలో ఆగారు" అంది. చదివినవాడు పాపం మనిషికి దెబ్బలు తగిలాయేమోననుకోవాలి. వీటన్నిటినీ మించింది ఇంకొకటి. బండి చెడిపోయి మధ్యలో ఆగిపోయినవాళ్ల పేరు పక్కన ఆ ఇంగ్లీషు రికార్డుల్లో "రిటైర్డ్" అని ఉంటుంది. పందేల వాళ్ల భాషలో బండి ఆగిపోయింది అని అర్థం, అంతే. మా ఏఐ వాళ్లందరి చేతా పదవీ విరమణ చేయించింది. ఇంజను కాలిపోయినవాడు పదవీ విరమణ చేశాడు. చక్రం ఊడిపోయినవాడు పదవీ విరమణ చేశాడు. ఇంక పింఛను ఇప్పించడం ఒక్కటే తక్కువ.

తప్పని రాసిచ్చాను. మా మేనేజరు ఆదివారం టీవీలో కార్ల పందెం చూసి, సోమవారం తనకు నచ్చిన జట్టు ఎర్ర టీషర్టు తొడుక్కుని ఆఫీసుకు వచ్చే రకం. ఈ పని విలువ అతనికైనా తెలుస్తుందనుకున్నాను. నవ్వేశాడు.

"మేడమ్, రేసింగ్ గురించి తెలుగులో ఎవరు అడుగుతారు చెప్పండి? ఇంట్రెస్ట్ ఉన్నవాళ్లు ఇంగ్లీషులోనే అడుగుతారు."

"మా నాయన అడుగుతాడు" అన్నాను.

జోకు వేశాననుకున్నాడు, ఇంకాస్త నవ్వాడు.

మా నాయనకు చిత్తూరులో మోటారు సైకిళ్ల రిపేరు షెడ్డు ఉంది. డెబ్బై దాటినా పొద్దున్నే టిఫిను తిని వెళ్లి షెడ్డు తలుపు తీస్తాడు. పెళ్లికి ముందు, ఇంకా మీసం సరిగ్గా రాని వయసులో, మద్రాసు అవతల విమానాలు దిగడం మానేసిన ఒక పాత రన్‌వే మీద పందేలు జరుగుతాయని ఎవరో చెబితే, తన చేతులతో విప్పి బిగించిన బండి వేసుకుని పోయాడు. జన్మకంతా ఆ ఒక్క పందెమే. అది కూడా చివరి చుట్టులో చైను తెగింది. మిగతావాళ్లంతా రయ్యిమని వెళ్లిపోయారు. మా నాయన బండి దిగాడు. ఆ మిట్టమధ్యాహ్నపు ఎండలో, కాళ్ల కింద తారు మెత్తబడి బూట్లకు అంటుకుంటుంటే, బండిని తోసుకుంటూ వచ్చి పందెం ముగిసే గీత దాటాడు. అప్పటికి జెండా చుట్టేశారు. ఎవరెప్పుడు దాటారో రాసుకోవడానికి గడియారాలు పట్టుకుని కూర్చున్నవాళ్లు లేచి నీడకు పోయారు. గెలిచినవాడి మెడలో దండ కూడా పడిపోయింది.

ఈ కథ మేము ఎన్నిసార్లు విన్నామో లెక్క లేదు. "మొదులుపెట్టినాడమ్మా బండి తోసేది, ఇంగ మద్రాసు దాకా మనం కూడా తోయాల్సిందే" అని మా అమ్మ ఎకసెక్కం చేసేది. ఆయన పట్టించుకునేవాడు కాదు. ఎప్పుడు చెప్పినా చివర్లో అదే మాట: "గెలిసినానని సెప్పడంలే. గీత దాటినా." షెడ్డుకు వచ్చేవాళ్లకు కూడా చెప్పేవాడు. వాళ్లు "అట్లనా పెద్దాయనా" అని నవ్వి, బండి తాళం తీసుకుని వెళ్లిపోయేవాళ్లు. నమ్మినట్టూ కాదు, నమ్మనట్టూ కాదు. అలా నవ్వి వెళ్లిపోతే ఆయన చేతిలో ఉన్న బోల్టును అవసరానికి మించి బిగించేవాడు.

పనిమీద ఆ ఫలితాలు చూస్తుంటే ఒకరోజు ఆ పందెమే కనబడింది. పేరు అరవవాళ్ల పద్ధతిలో ఉంది. మా ఇంటిపేరు లేదు, మా తాత పేరులోని మొదటి అక్షరం, దాని పక్కన నాయన పేరు. కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను. మా నాయన నిజంగా అక్కడున్నాడు! పేరు పక్కన "రిటైర్డ్" అని ఉంది. కారణం రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. సరే, చూద్దామని ఏఐని తెలుగులో అడిగాను, ఈయన ఆ పందెంలో ఏమయ్యాడని.

"ఆయన చివరి చుట్టులో వయోభారం కారణంగా పదవీ విరమణ చేశారు. క్రీడకు ఆయన అందించిన సేవలు చిరస్మరణీయం" అంది.

వయోభారం! థూ! కారణం ఖాళీగా ఉంటే తెలియదని చెప్పి నోరు మూసుకోవాలి కదా. దానికి ఆ బుద్ధి లేదు. పదవీ విరమణ అనేసింది కాబట్టి, ఆ మాట వెంట సన్మానపత్రాల్లో ఏమేం వస్తాయో అవన్నీ లాక్కొచ్చి అంటించేసింది. మళ్లీ రాసిచ్చాను, ఈసారి కొంచెం ఘాటుగానే. "ప్రాధాన్యం తక్కువ" అని ముద్ర కొట్టి పక్కన పడేశారు. ఆ తెలుగుతోనే దాన్ని జనంలోకి వదిలేశారు కూడా.

తర్వాత కొన్నాళ్లకు నాయన ఫోను చేశాడు. ఆయన గొంతు మామూలుగా లేదు.

"పాపా, బైకులోళ్ల సంగం పిల్లోళ్లు షెడ్డుకాడికి వచ్చినారు. ఈడ్నించి పలమనేరుకి ర్యాలీ పోతారంట. జెండా నేను ఊపాలంట."

"మంచిదే కదా నాయనా!"

"మంచిదే. నా గురించి మైకులో సెప్తారంట. గీత దాటినానని సెప్పండప్పా అని అడిగినా మా. సెప్తామనినారు."

ఆయన అడిగింది అదొక్కటే. శాలువా అడగలేదు, దండ అడగలేదు. ఇన్నేళ్లు తన నోటితో తానే చెప్పుకున్న మాట ఒక్కసారి పరాయివాళ్లు చెబితే వినాలని, అది కూడా ఊళ్లో నలుగురి ముందు వినాలని ఆయన ఆశ. ఉతికిన తెల్లచొక్కాను మళ్లీ ఉతికించాడని అమ్మ చెప్పింది.

ఆ ఆదివారం తొలి బస్సుకే చిత్తూరు వెళ్లాను. ర్యాలీ మొదలయ్యే చోట మొట్టమొదట కనబడింది ఫ్లెక్సీ. దానిమీద నాయన పడుచు ఫోటో, బండి మీద చెయ్యేసి, నడుం వంచి నిలబడ్డాడు. కింద ఇంతింత అక్షరాలతో "రిటైర్డ్ రేసర్" అని ఉంది.

మా వైపు రిటైర్డ్ అన్నది బిరుదు కింద లెక్క. రిటైర్డ్ హెడ్మాస్టరు అనో రిటైర్డ్ తాసిల్దారు అనో వేయకపోతే పెళ్లిపత్రిక చూసి అలిగే పెద్దమనుషులు ప్రతి వీధిలో ఉంటారు. సంఘం అధ్యక్షుడు మా నాయన గురించి మా ఏఐనే అడిగాడట. అది ఆ పదవీ విరమణ ముక్కే చెప్పింది. అధ్యక్షుడికి అది ఎంతో గౌరవంగా తోచింది, పోయి అచ్చేయించాడు.

నాయన ఫ్లెక్సీ కేసి కాసేపు చూశాడు. "నేనేం గవర్మెంటు ఉద్యోగం జేసినానా రిటైర్ గావడానికి? నిన్న సాయంత్రం కూడా కార్బొరేటర్ ఇప్పినా."

"మర్యాదకు ఏసినాం లే పెద్దాయనా" అన్నాడు అధ్యక్షుడు.

తర్వాత ఫోను చూసి మైకులో చదవడం మొదలుపెట్టాడు. మన చిత్తూరు ముద్దుబిడ్డ అన్నాడు, మద్రాసు పోటీలో పాల్గొన్న ధీరుడు అన్నాడు. "చివరి చుట్టులో వయోభారం కారణంగా పదవీ విరమణ చేసి..." అనేసరికి గుంపులో ఒకడు ఫ్లెక్సీలోని ఫోటోకేసి చెయ్యి చూపించి, "సామీ, ఈ వయసుకే వయోభారమా!" అని అరిచాడు. ఇంక చూడాలి, నవ్వులే నవ్వులు. బండ్ల హారన్లు మోగించారు. ఒకడు నవ్వలేక బండి మీదికి వాలిపోయాడు.

నాయన వాళ్లవైపు చూడలేదు. తన మాట ఇప్పుడొస్తుందేమో ఇప్పుడొస్తుందేమో అని అధ్యక్షుడి నోటికేసే చూస్తున్నాడు. రాలేదు. ఆయన శేషజీవితం ఆయురారోగ్యాలతో గడవాలని కోరుకుంటూ ముగించాడు అధ్యక్షుడు. నాయన చెయ్యి చాపి మైకు అడిగి తీసుకున్నాడు.

"అప్పా, నేను రిటైర్ గాలేదు. సైను తెగింది. బండి తోసుకోని వచ్చినా. గీత దాటినా."

అధ్యక్షుడు ఆప్యాయంగానే భుజం మీద చెయ్యి వేశాడు. "రికార్డులో అట్ల లేదు పెద్దాయనా. ఇప్పుడు ఏఐ అసలు రికార్డుకే కనెక్ట్ అయ్యుండాది. తప్పు సెప్పదు."

నాయన చేతిలోంచి మైకు తీసుకుని జెండా పెట్టారు. ఆయన ఊపాడు. బండ్లు వెళ్లిపోయాయి, రోడ్డంతా పొగ. నాకు ఆ పొగలో నిలబడి కాండ్రించి ఉమ్మాలనిపించింది. అధ్యక్షుడి మీద కూడా కాదు. వాడు నమ్మాడు, వాడి తప్పేముంది? తప్పు చెప్పదు అని టముకు వేసి ఊరంతా నమ్మించినవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లు ఆ వేళకు ఇంట్లో సోఫాలో పడుకుని టీవీలో పందెం కోసం ఎదురుచూస్తుంటారు.

సోమవారం పొద్దున మేనేజరు ముందు నిలబడి అరిచాను. నోటికి ఏమొచ్చిందో నాకే గుర్తులేదు. మీ నాయనను నిలబెట్టి మైకులో ఎవడైనా ఇలా నవ్వులపాలు చేస్తే తెలిసేది అన్నది మాత్రం గుర్తుంది. ఆఫీసంతా తలలు ఎత్తి చూసింది. అతను ఎర్రబడ్డాడు. ఎవరెవరికో ఫోన్లు చేశాడు. మధ్యాహ్నం భోజనానికి లేచేలోపు సరైపోయింది! ఇన్నాళ్లూ ప్రాధాన్యం తక్కువ అని పక్కన పడేసింది ఇంత చిన్న పని. నాకు వాళ్ల మీద రోత ఇంకా పెరిగిందే కానీ తగ్గలేదు. సరైపోయింది కదా మేడమ్, హ్యాపీయేనా అని అడిగాడు పైగా. సమాధానం చెబితే నోరు పాడవుతుందని పోయి నా కుర్చీలో కూర్చున్నాను.

కొత్త జవాబు నాలుగైదుసార్లు చూసుకున్నాను. "చివరి చుట్టులో వాహనం ఆగిపోవడంతో ఆయన పోటీని పూర్తి చేయలేదు" అంటోంది. పదవీ విరమణ లేదు, వయోభారం లేదు, సేవలు లేవు. శుభ్రమైన తెలుగు. ఇందులో నేను పట్టడానికి తప్పు అంటూ ఏమీ మిగల్లేదు. గెలిచాననుకున్నాను.

మళ్లీ ఆదివారం చిత్తూరు వెళ్లి నేరుగా షెడ్డుకు పోయాను. నాయన ఎవరిదో బండి వెనక చక్రం విప్పుకుని కూర్చున్నాడు. ఫోను ఆయన చెవి దగ్గర పెట్టి వినిపించాను. చేతులు గుడ్డకు తుడుచుకుని, ఇంకోసారి పెట్టమన్నాడు. పెట్టాను.

"బాగుండాది కదా నాయనా? ఆ పాడుమాట తీయించేసినా."

"పూర్తి సెయ్యలేదంట" అని తనలో తాను అనుకుని, ఆయన మళ్లీ చక్రం దగ్గరికి జరిగాడు.

"పాతదే పెట్టించు మా."

"పాతదా! అది విని ఊరంతా నవ్వింది కదా నాయనా!"

"నవ్వినారు. తప్పని తెలిసిపోయింది కాబట్టి నవ్వినారు" అన్నాడు నాయన, నా వైపు తిరక్కుండానే. "దీన్ని ఇంటే ఎవురూ నవ్వరు పాపా. నమ్ముతారు."