బ్యాటరీ స్విచ్చి ఆపిందెవరు

మా కెప్టెన్‌ది కణేకల్, ఆయన కో-పైలట్‌నైన నాది గుంతకల్లు; ఇద్దరిదీ సీమే. అందుకే విమానంలో కూడా ఆయన్ను అన్నా అనే పిలిచేవాణ్ణి. అయిదు నిమిషాలకోసారి "ఏమప్పా, యాడుండాము?" అని అడగడం ఆయన అలవాటు. గడియారం, దిక్సూచి చూసి నేను చెప్పాలి. పరికరాలు పోయినా నాకు దారి తెలియాలనే అడిగేవాడు. ఆ సంగతి నాకు తెలుసు.

డెబ్బైల చివర ఒక వానాకాలంలో, బెంగళూరు మీద మబ్బుల్లో పరికరాలనే నమ్ముకొని దిగుతుండగా మా చిన్న విమానంలో జనరేటర్ ఆగిపోయింది.

"బ్యాటరీ ఒకటి ఉంచి, అక్కరలేనివన్నీ ఆపప్పా" అన్నాడు.

కంగారులో నేను బ్యాటరీ కూడా ఆపేశాను. ఇంజను తిరుగుతూనే ఉంది కానీ రేడియో, రన్‌వే దారి చూపే ముల్లు, అన్నీ చచ్చిపోయాయి. ఏం జరిగిందో ఇద్దరికీ అర్థం కాలేదు.

ఆయన విమానాన్ని పైకి లేపి ఉత్తరానికి తిప్పాడు. "మన సీమలో మోడాలు యాడుంటాయిలే! ఆడికే పోదాం" అని నవ్వాడు. చిలమత్తూరు దాటేసరికి నిజంగానే ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. ఎండిన చెరువులో దించాడు. చక్రం విరిగింది, మేం బతికాం. ఆపి ఉన్న బ్యాటరీ స్విచ్చిని అప్పుడు చూశాను.

విచారణలో, ఎక్కడున్నామో తెలియక ఆయన నన్ను పదేపదే అడిగాడని చెప్పాను. వరండాలో ఆయన నా దగ్గరికి వచ్చాడు.

"బ్యాటరీ నేను ఆపినానా, నువ్వా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదప్పా."

"నువ్వే అన్నా."

"అట్లనా" అని లోపలికి వెళ్ళి అదే రాసిచ్చాడు. ఆయన లైసెన్సు పోయింది.

నిజంగా తెలియక అడిగాడో, నేను ఒప్పుకుంటానేమోనని అడిగాడో ఇన్నేళ్ళుగా తేల్చుకోలేకపోతున్నాను. ఆపింది మాత్రం నేనే.