జిల్లేడు లేని మండపం

ఆ రోజుల్లో శిథిలం ఎలా ఉండాలన్న విషయంలో నాకు నిశ్చితమైన అభిప్రాయం ఉండేది. విరిగిన రాయి ఒక్కటే చాలదు. దాని పగులులోంచి ఒక పిచ్చిమొక్క తల ఎత్తాలి. అప్పుడే అది చిత్రమవుతుంది. (మా గురువుగారు ఈ మాట చెబుతున్నప్పుడు తరగతిలో మెలకువగా ఉన్నది బహుశా నేనొక్కడినే.) డ్రాయింగు మాస్టరు ఉద్యోగానికి స్వయంగా చూసి వేసిన చిత్రం అనంతపురంలో సమర్పించవలసి వచ్చినప్పుడు, యాడికి అనే ఊరి దగ్గరి ఒక పల్లె వెలుపల కూలిన రాతి మండపాన్ని ఎంచుకున్నాను. వానలు లేని ఏడాది. చుట్టూ పచ్చనిదంటూ లేదు. మండపం అరుగును చీల్చుకొని ఒక జిల్లేడు, స్తంభం పగులులో ఒక రావి మొక్క మాత్రం నా కోసమే మొలిచినట్లున్నాయి. మొదటి రోజు పెన్సిలు గీతలు ముగించి, రేపు రంగులు వేస్తానని ఊరివారికి చెప్పి వెళ్లాను. చెప్పకుండా ఉండవలసింది.

మరునాటికి జిల్లేడు లేదు. రావి మొక్క మేక నోట్లో ఉంది. స్తంభాలకు తెల్లని సున్నం, దాని మీద ఎర్రమన్ను పట్టెలు! మేకలు కాసే అవ్వ ఎదురొచ్చింది.

"పటం రాస్తాండావని ఊరంతా కలిసి శుభ్రం చేసినాం నాయనా. ఎట్లుండాది?"

"ఎవరు చేయమన్నారు? నాకు కావలసింది ఆ మొక్కలే!"

"జిల్లేడా? మా దొడ్డి ఎనక బోలెడుండాది, పీక్కొని పో. పటం తీస్తారంటే మనం తలకు నూనె పెట్టుకోమా? మా దేవుని మండపం మాసిన తలతో అనంతపురం పోవల్లనా?"

నేను రంగులు విప్పి కాగితం ముందు పెట్టుకున్నాను. పళ్లు బిగించి కూర్చొని, నిన్నటి గీతల ప్రకారం రెండు మొక్కలనూ ఆకు ఆకునా ఈనెలతో సహా తిరిగి నిలబెట్టాను. అవ్వ నా భుజం మీదుగా తొంగిచూసింది.

"ఏమప్పా! మేం పీకితిమి, నువ్వు మళ్లా మొలిపిస్తివే!"

ఊరు మూగింది. చిత్రం అవ్వ చేతిలోకి పోయింది, అడిగినా తిరిగి ఇవ్వలేదు. దాన్ని మరునాడే అనంతపురంలో ఇవ్వాలి. ఇవ్వకపోతే ఉద్యోగం లేదు.

"ఏం చేయమంటావవ్వా?"

"నన్ను రాయి. కొడవలి పట్టుకొని ఆ జిల్లేడు కోస్తాండేట్ల రాయి. కోసేవాళ్లు ఉండారని తెలియాల గదా."

"వంగితే ముఖం కనబడదు."

"నా ముఖమెవరికి కావాల? చెయ్యి కనబడితే చాలు."

ఉద్యోగం వచ్చింది. ఎంపిక చేసిన పెద్దలు నా జిల్లేడు ఊసే ఎత్తలేదు. "ముసలమ్మ చెయ్యి బాగా కుదిరిందయ్యా" అన్నారు. అది అన్యాయమని నేటికీ నా అభిప్రాయం. అయితే చేతికి వచ్చిన ఉద్యోగానికి సంతోషించడం మాని, ఒక జిల్లేడు తరఫున అలిగి, ముఖం మాడ్చుకొని ఆ కార్యాలయం మెట్లు దిగిన కుర్రవాణ్ని తలచుకుంటే, ఇప్పుడు కొంచెం నవ్వు వస్తుంది.