వంటింటి కింద నీలి తొట్టి

ఒకప్పుడు ఫ్రెంచివాళ్లు ఏలిన ఈ తమిళ ఊళ్లో, మురుగు గొట్టాల కోసం మా వీధి తవ్వుతుంటే నడుము లోతున ఇటుక గోడ బయటపడింది. దాని పక్కనే సున్నం పూసిన తొట్టి. పాత కట్టడమని పని ఆపేశారు. గుంట చుట్టూ ప్లాస్టిక్ పట్టీ కట్టి వెళ్లిపోయారు. ఆ గుంట సరిగ్గా మా గడప ముందు. మా ఇంటికి వెనక దారి లేదు, ఉన్నది పక్కవాళ్ల గోడ. దాటడానికి ఒక చెక్క వేశారు గాని, నా మోకాళ్లతో దాని మీద నడవడం కుదరని పని.

పంతొమ్మిది రోజులు ఇంట్లోనే ఉన్నాను. నా భార్య చెక్క దాటి వెళ్లి కూరలు తెచ్చేది. నేను కిటికీ దగ్గర కూర్చునేవాణ్ని. ఎదురింటివాడిది రోజూ ఒకటే ఎగతాళి.

“ఏంది మామా, వీధి దాటేకి వీసా రాలేదా?”

“ఫ్రాన్సుకైతే ఎప్పుడో వచ్చుండేదిరా. ఇది మన ఆఫీసు కదా!”

నవ్వేవాణ్నే గాని చూపు ఆ తొట్టి మీదే ఉండేది. ఆ తొట్టి ఏమిటో నాకు తెలుసు. మా ముత్తాతలు బట్టలకు నీలిమందు రంగు వేసేవాళ్లు. అలాంటి తొట్టే మా వంటింటి కింద ఇంకొకటి ఉంది. నాకు పదేళ్లప్పుడు మా నాన్న దాన్ని ఇసుకతో పూడ్చి పైన బండలు పరిచాడు. సున్నానికి పట్టిన నీలం నా కళ్లతో చూశాను. ఇప్పటికీ ఇంట్లోకి కొత్త బిందె వస్తే మొదటి చెంబు నీళ్లు ఆ తొట్టి మీదున్న మూల బండపై పోస్తాం. తొట్టి ఎండకూడదని మా నాయనమ్మ పెట్టిన ఆచారం.

ఇరవయ్యో రోజున తవ్వకాల ఆఫీసు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. చెబుదామని లేచాను. నా భార్య చెయ్యి పట్టుకుంది.

“సుమ్మా ఉండయ్యా. నువ్వు నోరు తెరిస్తే మన వంటిల్లు తవ్వుతారు. పొయ్యి యాడ పెట్టేది, నీ నెత్తినా?”

నిజమే. చెబితే వంటిల్లు పోతుంది. చెప్పకపోతే మా వాళ్ల పని మళ్లీ మట్టిలోకి పోతుంది. కూర్చుండిపోయాను.

ఆ అమ్మాయి కొలతలు తీసుకుంది, ఫోటోలు తీసింది. వెంట వచ్చిన మేస్త్రీతో తమిళంలో అంది: “పాత మురుగు తొట్టి. పూడ్చెయ్యండి.”

మురుగు తొట్టా! నేను మూడో తరగతి దాటలేదు. సేదరపేట్ ఫ్యాక్టరీలో మిషన్ల దగ్గర నిలబడి బతికాను. పొట్లాల కాగితాలు చూసి తెలుగు చదవడం నేర్చుకున్నాను. డిగ్రీ లేకపోతే కళ్లు కూడా లేనట్టేనా?

“అది రంగు తొట్టమ్మా! నీలం వేసేది!” కిటికీలోంచి నేనూ తమిళంలోనే అరిచాను.

ఆమె నవ్వింది. “మీకెట్లా తెలుసు తాతా? ఎక్కడైనా చదివారా?”

“చదవలేదు, చూశాను. దాని జత నా ఇంట్లోనే ఉంది.”

వంటింట్లో గరిటె కింద పడిన చప్పుడు వినిపించింది.

ఇద్దరూ లోపలికి వచ్చారు. మేస్త్రీ మూల బండ లేపాడు. ఆ అమ్మాయి చేత్తోనే ఇసుక తోడింది. మోచేతి లోతున సున్నం, దాని మీద నీలం. వేలితో ఆ నీలాన్ని రుద్ది చూసింది. తర్వాత “తప్పు నాదే తాతా” అంది. ఒక ఆఫీసరు నాతో ఆ మాట అనడం నా జన్మలో అదే మొదలు.

మరుసటి వారం కాగితం వచ్చింది. అందులో ‘నీలి రంగు తొట్టి’ అనే రాశారు. వీధిలో దాన్ని ఇసుకతో కప్పి, గొట్టాలు అవతలి పక్కకు జరిపి, మాకు దారి ఇచ్చారు. వంటింట్లోకి మాత్రం నిర్ణయం వచ్చేదాకా ఎవరూ పోకూడదట. తలుపుకు తాళం వేసి సీలు పెట్టారు. ఎన్నాళ్లంటే చెప్పేవాడు లేడు.

ఇప్పుడు ముందు గదిలోనే పొయ్యి, నా మంచం, బియ్యం డబ్బాలు. వీధిలోకి పోవచ్చు. కానీ ఆ వేడిలో చెమటలు కక్కుతూ వండే మనిషిని వదిలి షికారుకు ఏ ముఖంతో పోను?

నిన్న నా భార్య కొత్త బిందె కొనుక్కొచ్చింది. మొదటి చెంబు నీళ్లు ఆ సీలు తలుపు కింది సందులో పోసింది.

“పో, నీ తొట్టి దాకా చేరినాయేమో చూసి రా,” అంది.

తాళంచెవి ఆఫీసులో ఉంది.