సుబ్బాయమ్మ గారు కట్టినదేమిటి?

మొన్న రాజమండ్రిలో మా మేనల్లుడు పాత ఇల్లు బాగుచేయిస్తుంటే చూడడానికి వెళ్లాను. పెరట్లో ఇద్దరు మేస్త్రీలు తొట్టెలో సున్నం కలుపుతున్నారు. ఒకతను కుండలోంచి బెల్లం నీళ్లు పోశాడు. కరక్కాయ నానబెట్టిన నీళ్లు కూడా అందులో పడ్డట్టున్నాయి. తీపీ వగరూ కలిసిన ఆ వాసన తగలగానే పక్కనున్న ఇటుకల దొంతి మీద కూలబడిపోయాను. "ఏం మావయ్యా, కళ్లు తిరిగాయా?" అని మావాడు కంగారుపడ్డాడు. "లేదురా, యానాంలో ఒకావిడ గుర్తొచ్చింది" అన్నాను. "ఎవరావిడ? ఏం చేసేది?" అని అడిగాడు. చెప్పబోయి ఆగిపోయాను. బొమ్మలు చేసేదనాలా, గోడలు కట్టేదనాలా, చెట్లు నాటేదనాలా? ఆవిడ పక్కన నెలల తరబడి మసలినవాణ్ణే, ఆ సంగతి మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

యాభైల మధ్యలో నేను ఓవర్సీరుగా యానాం వెళ్లాను. ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయి ఎక్కువ కాలం కాలేదు. మాది ద్రాక్షారామం పక్క పల్లెటూరు. కాకినాడలో చదువు ముగించి, యానాం అగ్రహారంలో ఒక గది అద్దెకు తీసుకుని, కొత్త చెప్పులు టకటకలాడించుకుంటూ తిరిగేవాణ్ణి. నాకు అప్పగించిన మొదటి పని ఏటి ఒడ్డుకు గోడ కట్టించడం. రేవు పక్కన గోదావరి ఏటేటా ఒడ్డును కోసేస్తోంది. అంతకు ముందున్న గోడ రెండుసార్లు కూలిందట. మా ఇంజనీరు గారు నిట్టనిలువుగా, తిన్నగా రాతిగోడ గీసి ఇచ్చారు. గోడ చివర ఒక దిమ్మె, దిమ్మె మీద జెండా పట్టుకున్న స్త్రీమూర్తి. కొత్త రోజులకు గుర్తుగా ఉండాలని ఆయన కోరిక. "బొమ్మకు మంచి పనివాణ్ణి చూడవోయ్" అని చెప్పి, ఆయన ఇంకో పని మీద పాండిచ్చేరి వెళ్లారు.

ఎవరిని అడిగినా కనకాలపేటలో సుబ్బాయమ్మ గారి పేరే చెప్పారు. బొమ్మలు చేసేది ఆడమనిషని అప్పుడే తెలిసింది. ఆవిడ భర్త గుళ్ల మీద సున్నపు బొమ్మలు చేసేవాడట. సున్నం నూరిపెడుతూ నూరిపెడుతూ ఆవిడ చేతికి పని వచ్చిందనీ, ఆయన పోయాక ఆయన ఒప్పుకున్న పనులన్నీ తనే పూర్తి చేసిందనీ చెప్పారు. నేను వెళ్లేసరికి యాభై ఐదేళ్ల మనిషి, సన్నగా, కొంగు బిగించుకుని, వాకిట్లో చర్చి వాళ్ల కోసం ఒక దేవదూత రెక్కకు ఈకలు దిద్దుతోంది. నేను వచ్చిన పని చెప్పాను. ఆవిడ రెక్క మీంచి చూపు తిప్పలేదు.

"బొమ్మ ఎక్కడండి, నించునేది?"

"ఏటి ఒడ్డునమ్మా. గోడ కడుతున్నాం కదా, ఆ చివర."

"ఆ గోడ ఎక్కడ నించుంటాదండి?"

ఆ ప్రశ్న నాకు అర్థం కాలేదు. గోడ పునాది మీద నిలబడుతుందని చెప్పాను. "మరేనండి" అని ఆవిడ మళ్లీ ఈకలు దిద్దసాగింది. మర్నాడు ఉదయం నేను రేవుకు వెళ్లేసరికి, బురదలో మోకాళ్ల దాకా దిగి నిలబడి ఉంది.

అలా ఎనిమిది రోజులు వచ్చింది. పోటు వేళ ఒకచోట కర్ర గుచ్చేది, నీళ్లు తీసే పాటు వేళ ఇంకోచోట గుచ్చేది. ఎక్కడ బురద జారుతోందో, ఎక్కడ గట్టిపడుతోందో పాదాలతోనే చూసేది. ఒకరోజు నన్ను కూడా చెప్పులిప్పి దిగమంది. పది మంది చూస్తుండగా పంట్లాం మడుచుకుని దిగాను. "ఏం తెలుత్తుందండి?" అని అడిగింది. చల్లగా ఉందన్నాను. ఆవిడ నవ్వాపుకుంది. "మీ మడమ కింద మట్టి పోతుంది సూసుకోండి. నీళ్లు మిమ్మల్ని ముందు నించి తొయ్యట్లేదు. కింద నించి తవ్వుకుంటన్నాయి." నిజమే, నా మడమల కింద బురద కరిగిపోతోంది. నాలుగేళ్లు పుస్తకాల్లో చదివిన సంగతి కాలికి తగిలేసరికి సంతోషించాలో సిగ్గుపడాలో తెలియలేదు.

తొమ్మిదో రోజు నన్ను తన వాకిట్లోకి పిలిచింది. ఒక పెద్ద మట్టిగోలెంలో ఒండ్రు పరిచి, అంచున పెంకుముక్క ఒకటి నిలువుగా గుచ్చి, పక్కనుంచి చెంబుతో నీళ్లు వదిలింది. నాలుగు చెంబులయ్యేసరికి పెంకు కింద గుంట పడి, అది ముందుకు ఒరిగింది. దాన్ని తీసేసి, బంకమట్టితో తుంటిలా ఒక ఉబ్బు, నడుములా ఒక లోతు, భుజంలా ఇంకో ఉబ్బు చేసింది. లోతులో వేళ్లతో గూళ్లు పెట్టి, వాటిలో గరిక గుచ్చింది. ఈసారి నీళ్లు ఉబ్బును తాకి మెల్లగా తిరిగాయి. గూళ్లలో సన్నటి మట్టి దిగింది.

"ఇది బొమ్మా అమ్మా, గోడా?" అన్నాను.

"ఏటోనండి. ఒడ్డు నించుంటే సాలదా?"

"గరిక ఉన్నచోట ఏం పెడతారు?"

"మడ మొక్కలు. కింద ఉప్పునీటికి తట్టుకుంటాయి. పైన మొగలి, ఆ పైన పొన్న. రాయి ముసలిదైపోద్దండి. సెట్టు ఏటేటా వేళ్లు దింపుకుంటాది."

ఇంజనీరు గారు తిరిగి రావడానికి ఇంకా మూడు నెలలుంది. ఆయనకు ఉత్తరం రాయాలి. రాయలేదు. ఎందుకు రాయలేదో ఇప్పటికీ స్పష్టంగా చెప్పలేను. ఆవిడ మాట నమ్మానా, గోలెం చూసి ముచ్చటపడ్డానా, కొత్త పని చేయించానన్న పేరు కోసం ఆశపడ్డానా? అన్నీ కొంచెం కొంచెం ఉండి ఉంటాయి. గోడ కోసం దింపిన రాయితోనే పని మొదలుపెట్టించాను. కింద రాయి, పైన ఇటుక ముక్కలూ గుల్లసున్నమూ. ఆవిడ కొలతాడు పట్టేది కాదు. మేస్త్రీలు కట్టిన వంపును అరచేత్తో తడిమి, "ఇక్కడ ఇంకాస్త లావు రావాలి" అనేది. బల్లపరుపుగా ఉంటే ఒప్పుకునేది కాదు. బెల్లం, కరక్కాయ నీళ్లు పోసి కలిపే సున్నం పూత మాత్రం వేరెవరినీ ముట్టుకోనివ్వలేదు. దేవదూత రెక్కకు ఎంత ఓపిక పట్టిందో, నీళ్లలో మునిగిపోయే ఆ వంపులకూ అంతే పట్టింది.

చేపలు పట్టే పల్లెకారుల పెద్ద సత్తెయ్య ఒకరోజు గొడవకొచ్చాడు. "అమ్మా, నీ వంపులు బాగానే ఉన్నాయి గానీ, మా పడవలెక్కడ కట్టుకోవాలే?" అన్నాడు. ఆవిడ అతని పడవెక్కి కూర్చుని, ఏట్లోంచి ఒడ్డును చాలాసేపు చూసింది. దిగి వచ్చి, అప్పటికే పూర్తయిన బారెడు కట్టును కొట్టించేసి, మోచేయి మడిచినట్టు లోపలికి తిప్పించింది. ఆ మడతలో నీళ్లు నిలకడగా ఉన్నాయి. పడవలు ఊగకుండా ఆగాయి. అప్పుడే సత్తెయ్య కళ్లు చిట్లించి, "ఒరే, ఆడమనిషి పక్కకు తిరిగి పడుకున్నట్టుందిరా!" అన్నాడు. ఆ మాట ఊరంతా పాకింది. కొందరు పసుపూ కుంకుమా తెచ్చారు. గోదారమ్మ అన్నవాళ్లున్నారు, మరియమ్మ తల్లి అన్నవాళ్లున్నారు. సుబ్బాయమ్మ గారు ఆ పసుపంతా కడిగేసి, "మొక్కల మీద పొయ్యకండర్రా, సత్తాయి" అని కేకలేసింది.

సగం పూర్తయ్యాక ఇంజనీరు గారు వచ్చారు. ఏటిగట్టు మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచారు. కింద మేస్త్రీలూ, పల్లెకారులూ పని ఆపి చూస్తున్నారు. సుబ్బాయమ్మ గారు మోచేతుల దాకా సున్నంతో నాకు పది అడుగుల దూరంలో ఉంది.

"వాట్ ఈజ్ దిస్? గోడా? బొమ్మా? తోటా?" అన్నారాయన. "నేను గీసిచ్చిందేది? ఎవరు చెప్పారు నీకు ఇలా కట్టమని?"

నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు. "ఆవిడే చేసింది సార్. నేను వద్దనే చెప్పాను."

అందరూ విన్నారు. మూడు నెలలుగా రోజూ తెల్లారగానే "ఈవేళ ఎక్కణ్ణించమ్మా?" అని ఆవిడను అడిగింది నేను. ఆ మేస్త్రీలకు తెలుసు, సత్తెయ్యకు తెలుసు. ఆవిడ ఒక్కసారి నా ముఖంలోకి చూసింది. కోపమేమీ కనబడలేదు. కోపం ఉన్నా బాగుండేది. ఇంజనీరు గారి వైపు తిరిగి, "అవునండి. బాబు వద్దనే అన్నారండి. నేనే ఇన్లేదు" అంది. చేతులు ఏట్లో కడుక్కుని, కనకాలపేట వైపు నడిచి వెళ్లిపోయింది.

మిగిలిన సగం ఆయన గీసిన ప్రకారం తిన్నని రాతిగోడగా నేనే కట్టించాను. దిమ్మె కూడా కట్టాం. బొమ్మ చేయడానికి ఆవిడ రానంది. వేరేవాళ్లు దొరకలేదు. దిమ్మె ఖాళీగానే ఉండిపోయింది.

ఆ ఏడు శ్రావణంలో వరద పెద్దగానే వచ్చింది. తగ్గాక వెళ్లి చూస్తే తిన్నని గోడ చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. సుబ్బాయమ్మ గారి కట్టులో భుజం విరిగిపోయింది. "చూశావా?" అన్నారు ఇంజనీరు గారు. చూశాను. నా కళ్ల ముందున్నది ఆయన మాటకే సాక్ష్యం చెబుతోంది. మరి గోలెంలో చూసిందేమిటి? నా మడమల కింద కరిగిందేమిటి? ఏదో ఒకటి అబద్ధం కావాలి కదా అనుకున్నాను. ఆ సాయంత్రమే ఆవిడ ఇంటికి వెళ్లాను. నాలుగు నెలల తర్వాత అదే వెళ్లడం.

"భుజం పోయిందమ్మా" అన్నాను గుమ్మంలోనే.

"పోయిందా? ఎటేపు పడింది?"

లోపలి వైపని చెప్పాను. ఆవిడ కళ్లు మెరిశాయి. వెంటనే చెప్పుల్లేకుండా బయల్దేరింది, నేను వెనకాల నడిచాను. విరిగిన రాళ్ల వెనక మోకాలెత్తు ఒండ్రు చేరి ఉంది. అందులో మడ మొక్కలు ఒరిగిపోయి కూడా పట్టు వదల్లేదు. ఆవిడ వంగి వాటి మొదళ్లు తడిమింది. నా చేతికి మెత్తటి మట్టి తీసి ఇచ్చి, "ఒడ్డు పోయిందా, ఒచ్చిందా, మీరే సెప్పండి" అంది. భుజం పోయింది, ఒడ్డు వచ్చింది. దాన్ని ఓటమి అనాలో గెలుపు అనాలో నా చదువులో లేదు.

తర్వాతి ఏడాది తిన్నని గోడ పునాది కింద బోలు పడి, గోడ ఏటి వైపు ఒరిగింది. ఖాళీ దిమ్మె పగుళ్లిచ్చింది. నా మనసు తేలికపడుతుందనుకున్నాను. ఇంజనీరు గారు అప్పుడొక మాటన్నారు. "మీ సుబ్బాయమ్మ పెట్టిన వంపే ప్రవాహాన్ని తిప్పి మా గోడ మీదికి తోసింది. అది లేకపోతే ఇది ఒరిగేదే కాదు." కాగితం మీద లెక్క వేసి చూశాను. ఆయన అన్నదానికీ ఆస్కారముంది. లేదనడానికీ ఆస్కారముంది. కాదని రుజువు చేయలేకపోయాను.

నాకు బదిలీ అయ్యాక చెప్పి వెళ్దామని ఆవిడ దగ్గరకు వెళ్లాను. అప్పటికి ఆ వంపుల మీద మడ గుబురుగా లేచింది. వేళ్ల మధ్య పీతలు, కొమ్మల మీద తెల్లకొంగలు. ఎంత చూసినా పడుకున్న మనిషి కనిపించడం మానేసింది. రెండేళ్లుగా గొంతులో ఉన్న ప్రశ్న ఆ రోజు అడిగేశాను.

"ఆ రోజు నేను అబద్ధం చెప్పాను కదమ్మా. మీరెందుకు అవునన్నారు?"

ఆవిడ చాటలో సున్నపురాయి ఏరుకుంటోంది. "మీకు ఉజ్జోగం కొత్త బాబూ. నాకు తిట్లు పాత" అంది.

కాళ్లకు దణ్ణం పెట్టబోతే, సున్నమంటుకుంటుందని జరిగింది. ఇంకొకటి కూడా అడిగాను. "నిజం చెప్పండి, అక్కడ మీరు ఆడమనిషినే చేశారు కదూ?"

"నాకెక్కడా కనపళ్లేదండి" అంది. చాటలో ఇంకో రాయి ఏరి, "మా ఆయన మట్టుకు ఉంటే, బాగా వచ్చిందే అనేవోడు" అంది. ఆ రెండు మాటలకూ పొత్తు ఎలా కుదురుతుందో నాకు తెలియలేదు. మళ్లీ అడగడానికి అవకాశం దొరకలేదు. నేను తిరిగి యానాం వెళ్లేసరికి ఆవిడ లేదు.

ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు ఎన్నో ఊళ్లలో పనిచేశాను. ఒకచోట నా కింద పనిచేసే అమ్మాయి, అప్పుడే ఉద్యోగంలో చేరినది, ఒక చెరువు కట్టకు నేను గీసిచ్చిన గీత వదిలేసి నేల వంపును బట్టి మట్టి పోయించింది. నాకు ముందు చెప్పలేదు. అది సరైనదో కాదో చూడగానే నాకూ తేలలేదు. పైఅధికారి వచ్చి, "ఎవరు చేయించారిది?" అని గద్దించాడు. ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. పనివాళ్లందరూ నన్నే చూస్తున్నారు.

"నేనేనండి చేయించింది" అన్నాను.